శాంథోమ్ కోటలో ఒక ఫ్రెంచి సిపాయి: తానీషా కాలం గురించి మాకు ఎదురైన ప్రశ్న

పోయిన ఏడాది మా సొసైటీ తరఫున స్కాలర్‌షిప్ చెక్కులు ఇవ్వడానికి భద్రాచలం వెళ్లాం. కార్యక్రమం అయ్యాక చాయ్ తాగుతుంటే తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఏదో అడగాలనుకుంటున్నాడని అర్థమైంది. ‘సార్, రామదాసును జైల్లో పెట్టింది మనవాళ్లేనట కదా. ఆ పాఠం చెప్పిన రోజు క్లాసంతా నా వైపే చూసింది’ అన్నాడు. గొంతులో ఫిర్యాదేమీ లేదు. తెలుసుకోవాలని అడిగాడంతే.

మేం మామూలుగా చెప్పే జవాబే చెప్పాం. శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ గోల్కొండ నవాబుల కాలం నాటిదని, ఈనాటికీ ప్రభుత్వం దాన్ని నడుపుతోందని, తానీషా చివరకు రామదాసును విడిచిపెట్టాడని చెప్పాం. కుర్రాడు తల ఊపాడు. ‘అది తెలుసు సార్. జైల్లో పెట్టిన రోజుల్లో రాజు ఇంకేం చేస్తున్నాడు?’

దీనికి మా దగ్గర జవాబు లేదు. తిరుగు ప్రయాణంలో పాల్వంచ దాటేదాకా కారులో అదే మాట. ప్రతి ఏటా ఈ సంచికలో జమాఖర్చులు, దాతల పేర్లతో పాటు ఒక చరిత్ర వ్యాసం వేయడం మనకు అలవాటు. ఈసారి వ్యాసం ఆ కుర్రాడి ప్రశ్నకే. వెతుక్కుంటూ పోతే జవాబులో కొంత భాగం మేం అనుకోని చోట దొరికింది. గోల్కొండ సైన్యం మీద ఫిరంగి ఎక్కుపెట్టిన కోటలో ఉన్న ఒక ఫ్రెంచి సిపాయి జ్ఞాపకాల్లో.

అతని పేరు బెల్లాంజే ద లెస్పినే. ఫ్రాన్సులో వాందోమ్ అనే ఊరివాడు. 1670 మార్చిలో ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ తూర్పు దేశాలకు ఒక నౌకాదళాన్ని పంపాడు. దాని అధిపతి ద లాహే. ఆయనకు వైస్రాయి హోదా కూడా ఇచ్చారు. ఆ దళంలో గార్డుగా వచ్చిన యువకుడు మన లెస్పినే. సరుకు కొనడానికి వచ్చిన వర్తకుల ఓడలు కావివి. సైనికులతో, ఫిరంగులతో వచ్చిన రాజు ఓడలు. ఫ్రాన్సు నుంచి మన తీరానికి ఇంత పెద్ద దండయాత్ర రావడం అదే మొదలు. 1670 నుంచి 1675 దాకా తాను చూసింది లెస్పినే రాసి పెట్టుకున్నాడు. ఆ రాత రెండు వందల ఏళ్లకు పైగా అచ్చుకు నోచుకోలేదు. 1895లో వాందోమ్‌లోనే, ఆంరీ ఫ్రోయిద్‌వో అనే చరిత్రకారుడి చేతుల మీదుగా పుస్తకమైంది.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. ఫ్రెంచివారికి గోల్కొండతో అప్పటికి తగవేమీ లేదు. పైగా 1669లోనే అబ్దుల్లా కుతుబ్‌షా వారికి మచిలీపట్నంలో కోఠీ పెట్టుకోవడానికి ఫర్మానా ఇచ్చాడు. దాన్ని సంపాదించిపెట్టింది మార్కారా అనే ఆర్మీనియా వర్తకుడు. పని చేసిపెట్టిన మార్కారాకు కంపెనీ పెద్దల చేతిలో దక్కింది సంకెళ్లు. ఆ కంపెనీ పెద్దల్లో ఒకడైన కరోన్ అంతకుముందు ఏళ్ల తరబడి డచ్చి కంపెనీలో పనిచేసి, జపాన్‌లో వారి వ్యాపారం చూసినవాడు. ఆ రోజుల్లో కంపెనీలు మారడం అంత కష్టమేమీ కాదన్నమాట.

నౌకాదళం మడగాస్కర్ మీదుగా 1671లో సూరత్ చేరింది. మరుసటి సంవత్సరం సింహళంలోని ట్రింకోమలీలో కాలు మోపాలని చూసింది. అక్కడ డచ్చివారు అడ్డుపడ్డారు. తిండి లేక, జబ్బులతో మనుషులు రాలిపోతుంటే ఓడలు కోరమాండల్ తీరానికి తిరిగాయి. ఆకలితో ఉన్న ఆ దళం 1672 జూలైలో శాంథోమ్ ముందు లంగరు వేసింది. ఇవాళ చెన్నైలో మైలాపూర్ పక్కన ఉన్నదే ఆ శాంథోమ్. పోర్చుగీసువారు కట్టుకున్న ఊరు. 1662లో గోల్కొండ దాన్ని గెలుచుకుంది. ద లాహే సరుకులు అడిగాడు. కోట అధికారి ఇవ్వలేదు. జూలై 25న ఫ్రెంచివారు దాడి చేసి కోట పట్టుకున్నారు.

ఆ తేదీని హైదరాబాద్ వైపు నుంచి చూడాలి. అబ్దుల్లా కుతుబ్‌షా కన్నుమూసింది అదే ఏడాది ఏప్రిల్‌లో. ఆయన అల్లుడు అబుల్ హసన్ గద్దెనెక్కి మూడు నెలలైంది. మనం తానీషా అని పిలుచుకునేది ఈయన్నే. రాజకుటుంబంలో పెరిగి పెద్దయినా యౌవనంలో చాలా ఏళ్లు షా రాజూ అనే సూఫీ ముర్షిద్ ఖాన్‌ఖాలో గడిపాడని చెబుతారు. ‘తానా షా’ అన్న పిలుపు కూడా ఆ గురువు పెట్టిందేనంటారు. ఖాన్‌ఖా నుంచి దర్బారుకు వచ్చిన మనిషికి మూడు నెలలు తిరక్కుండానే సముద్రం ఒడ్డున ఒక కోట పోయింది. ఉత్తరాన ఔరంగజేబుకు ఏటేటా పేష్కష్ కట్టాలి. 1636 ఒడంబడిక ప్రకారం అది ఏడాదికి 2 లక్షల హొన్నులు. ఇప్పుడు దక్షిణాన యుద్ధం వచ్చిపడింది.

గోల్కొండ సైన్యం ఆగస్టులోనే శాంథోమ్‌ను చుట్టుముట్టింది. నేల వైపు ముట్టడి సాగుతున్నా సముద్రం తెరిచే ఉంది కాబట్టి ఫ్రెంచివారు ఎలాగో నిలబడ్డారు. లెస్పినే కథ అసలు మలుపు తిరిగేది ఇక్కడే. కోటలో ధాన్యం తరిగిపోతోంది. బయటినుంచి తెప్పించాలంటే గోల్కొండ ఏలుబడిలో లేని ఓ రేవు కావాలి. 1672 చివర్లో ద లాహే ఈ కుర్రవాణ్ణి దక్షిణానికి పంపాడు. వలికొండపురంలో ఉన్న షేర్ ఖాన్ లోడీ దగ్గరికి. ఈయన బీజాపూర్ సుల్తాను తరఫున ఆ ప్రాంతం ఏలుతున్న పఠాను. వలికొండపురం ఇప్పుడు తమిళనాడులో పెరంబలూరు జిల్లాలో ఉంది.

అక్కడికి డచ్చివారి ప్రతినిధి కూడా చేరాడు. ఫ్రెంచివారికి చోటివ్వవద్దని చెప్పడమే అతని పని. షేర్ ఖాన్ ఇద్దరి మాటా విన్నాడు. ఫ్రెంచి వర్తకం తన రేవుల్లోకి వస్తే లాభమే అనుకున్నాడు. పుదుచ్చేరిలో చోటు ఇస్తానన్నాడు. అప్పటికి అదో చిన్న ఊరు. పూర్వం డేన్ జాతివారు కట్టుకున్న ఒక ఇల్లు మాత్రం ఉంది. 1673 ఫిబ్రవరి 4న లెస్పినే ఆ ఇంట్లో దిగాడు. అతని పని పెద్ద రాచకార్యంలా ఏమీ ఉండదు. బియ్యం, తిండి సరుకులు కొనాలి, పడవలకెక్కించాలి, డచ్చివారి కళ్లుగప్పి శాంథోమ్ చేర్చాలి. మన సొసైటీలో వరదల సమయంలో రేషన్ కిట్ల పని చూసినవారికి ఈ తంటా కొత్తగా చెప్పక్కర్లేదు. గోదావరికి నీళ్లొచ్చిన ఏడు బియ్యం ఉన్న చోట పడవ ఉండదు, పడవ ఉన్న చోట బియ్యం ఉండవు.

ఈ ఘట్టం చదివినప్పుడు మాకు తట్టిన మాట ఇక్కడే చెబుతాం. ఈ యుద్ధంలో ఎవరు ఎటున్నారో లెక్క చూడండి. గోల్కొండ రాజు ముస్లిం. ఆయనకు సముద్రం మీద తోడొచ్చింది డచ్చి ప్రొటెస్టంట్లు. కోటలో ఉన్నది ఫ్రెంచి కాథలిక్కులు. వాళ్లకు బియ్యం దొరికే దారి చూపింది బీజాపూర్ ముస్లిం సర్దారు. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషువారున్నారు. ఐరోపాలో ఆ రోజుల్లో వారు ఫ్రెంచివారికి మిత్రులు, డచ్చివారికి శత్రువులు. ఇక్కడ మాత్రం గోల్కొండకు కౌలుదారులు. 1672లోనే నెక్‌నామ్ ఖాన్ ఇచ్చిన కౌలు ప్రకారం మద్రాసు మీద ఏడాదికి 1200 వరహాలు కట్టాలి. అందుకని మిత్రుల కోట కళ్లముందే ఎండిపోతున్నా వారు యుద్ధంలోకి దిగలేదు. ఇందులో ఒక మతం ఇంకో మతంతో చేసిన యుద్ధం ఎక్కడుందో వెతకండి. మాకు కనబడలేదు. కనబడింది రేవులు, సుంకాలు, ధాన్యం.

అయితే ఈ రకం పుస్తకం చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆ కాలపు ఐరోపావారి రాతల్లో మన ప్రాంతపు మనుషులకు రెండే పేర్లు. ముస్లిములంతా ‘మూర్లు’. తెలుగు హిందువులు ‘జెంటూలు’. మూర్ అనేది అసలు స్పెయిన్, మొరాకో వైపు ముస్లిములను పిలిచిన పేరు. పోర్చుగీసువారు దాన్ని ఓడలో వేసుకుని ఇక్కడికి తెచ్చారు. ఇరాన్ నుంచి వచ్చిన షియా అమీరు, మధ్య ఆసియా తురానీ, ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీ, ఇక్కడే పుట్టి దక్కనీ మాట్లాడే సిపాయి, షేర్ ఖాన్ లాంటి పఠాను, వీరందరూ ఆ ఒక్క మాటలో కలిసిపోయారు. జెంటూ కూడా పోర్చుగీసు మాట నుంచి వచ్చిందే. తమ మతం కానివాడని దాని అర్థం. మద్రాసు ఇంగ్లీషువారు చివరకు తెలుగు భాషనే జెంటూ అన్నారు. ఎక్కడో ఒక పేజీలో ‘మూర్లు దాడి చేశారు’ అని కనబడితే, ఆ దాడిలో తెలుగు బంట్లు, దక్కనీ రౌతులు పక్కపక్కనే ఉండి ఉంటారని చదివేవారే గుర్తు చేసుకోవాలి. సెల్‌ఫోన్లలో తిరిగే చరిత్ర ముక్కలు చాలావరకు ఇలాంటి ఒక్క మాట మీద కట్టిన మేడలు.

మరి సిపాయి రాతకు విలువేమిటి? అతనికి రాజు మనసులో ఏముందో తెలియదు. పక్క బురుజులో ఏం జరిగిందో కూడా విన్నదే రాస్తాడు. కానీ ఎంత ఆకలేసిందో, ఎవరు చోటిచ్చారో, ఎవరు తలుపు వేశారో అతనికి తెలుసు. ఆ సంగతులు రాజుల ఫర్మానాల్లో ఉండవు. ఈ సంప్రదాయం ఒక్క ఐరోపావారిదే కాదు. శిలువ యుద్ధాల కాలంలో సిరియాలోని షైజర్ కోటకు చెందిన యోధుడు ఉసామా ఇబ్న్ మున్‌ఖిజ్ తన ‘కితాబుల్ ఇఅ్‌తిబార్’లో ఫిరంగీల గురించి రాశాడు. వారితో కత్తి దూసిన రోజులూ ఉన్నాయి, వారిలో స్నేహితులైనవారి ముచ్చట్లూ ఉన్నాయి. ఆయన నవ్వుకున్నవీ ఉన్నాయి. మెక్సికో మీదికి వెళ్లిన స్పెయిన్ సిపాయి బెర్నాల్ దియాజ్ ముసలితనంలో పుస్తకం రాశాడు. అక్కడ అడుగు పెట్టనివాళ్లు రాసిన చరిత్ర చదివి ఒళ్లుమండి రాశానని ఆయనే చెప్పుకున్నాడు. మన దక్కను సంగతులే కావాలంటే, మొగల్ సైన్యంతో తిరిగిన భీంసేన్ అనే కాయస్థుడు పార్సీలో రాసిన ‘నుస్ఖా-ఎ-దిల్‌కుషా’ ఉంది. ఔరంగజేబు కొలువులో ఉంటూనే ఆ యుద్ధాల వల్ల జనం పడ్డ బాధలు రాశాడు. లెస్పినే వీరంత పెద్ద రచయిత కాడు. చూసింది రాసుకున్న కుర్రవాడు, అంతే. మాకు అదే నచ్చింది.

శాంథోమ్ కథ తొందరగా ముగిద్దాం. 1673 తొలి నెలల్లో మొదటి ముట్టడి సడలింది. వేసవికల్లా డచ్చి అధిపతి వాన్ గూన్స్ పెద్ద నౌకాదళంతో వచ్చి సముద్రం మూసేశాడు. నేల మీద మళ్లీ గోల్కొండ సైన్యం. ఈసారి పడవలు దూరే సందు లేదు. ద లాహే ఎదురుచూసిన సాయం ఫ్రాన్సు నుంచి రాలేదు. చిన్న కంపెనీ ఉద్యోగిగా వచ్చిన ఫ్రాన్స్వా మార్టిన్ 1674 ఆరంభంలో పుదుచ్చేరి చేరాడు. తర్వాత ఆ ఊరిని నిలబెట్టింది ఆయనే. ఆయన రాసిన జ్ఞాపకాలు కూడా ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే సిపాయి కన్నుకూ, దొర కన్నుకూ తేడా తెలుస్తుంది. 1674 సెప్టెంబరులో శాంథోమ్ లొంగిపోయింది. కోటలో మిగిలినవారిని ఊచకోత కోయలేదు, బానిసలుగా అమ్మలేదు. మర్యాదగా బయటికి రానిచ్చి, డచ్చివారు సమకూర్చిన ఓడల్లో స్వదేశానికి పంపారు. తర్వాత గోల్కొండవారు ఆ కోట గోడలు పడగొట్టించారు. మళ్లీ ఎవరూ అందులో దూరకుండా.

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్నకు వద్దాం. రామదాసు, అంటే కంచెర్ల గోపన్న, మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లివాడు. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. గోల్కొండ దర్బారులో పెద్ద మంత్రులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడని చెబుతారు. మాదన్న పెద్ద పదవిలోకి వచ్చింది శాంథోమ్ ముట్టడి ముగిసే కాలంలోనే. భద్రాద్రి గుడి కట్టించింది కూడా ఆ రోజుల్లోనేనని సంప్రదాయం. అంటే రాజు సముద్రపు ఒడ్డున రెండేళ్లు సైన్యాన్ని మేపుతూ, ఢిల్లీకి పేష్కష్ లెక్క కడుతున్న కాలానికీ, పరగణా శిస్తు గుడికి ఖర్చయిన కాలానికీ మధ్య ఎడం పెద్దగా లేదు. ఖజానా ఖాళీ అయిన రాజుకు శిస్తు లెక్క ఎంత కటువుగా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇది మా ఊహే, పత్రాల్లో రాసి ఉన్న మాట కాదు. జైలు జైలే. పన్నెండేళ్లు పడ్డాడని చెప్పుకునే ఆ బాధను తగ్గించి చెప్పాలని మేం అనుకోవడం లేదు. గోల్కొండ కోటలో ఆ గది చూసినప్పుడు మాలో ఎవరమూ మాట్లాడలేకపోయాం. అయితే లెక్క తప్పాడని తన తహసీల్దారును జైల్లో పెట్టిన రాజుకు, ఆ తహసీల్దారు మేనమామలే మంత్రులు. వారిని మాత్రం ఆయన పదవుల్లోంచి దింపలేదు. హిందువని జైల్లో పెట్టాడనే కథ అక్కడే ఆగిపోతుంది.

మాదన్నను తీసేయమని మొగలుల నుంచి ఒత్తిడి వచ్చినా తానీషా చాలాకాలం వినలేదు. చివరికి 1686లో అన్నదమ్ములిద్దరినీ హైదరాబాద్ వీధుల్లో చంపేశారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబు వశమైంది. రామదాసును ఖైదు చేసిన రాజు తన చివరి రోజులు దౌలతాబాద్ కోటలో ఖైదీగానే గడిపాడు. ఖుల్దాబాద్‌లో ఖననమయ్యాడు. షేర్ ఖాన్ లోడీ అంతకు పదేళ్ల ముందే, 1677లో, శివాజీ సైన్యం చేతిలో ఓడి తన రాజ్యం పోగొట్టుకున్నాడు. ఆయన ఒక సిపాయికి ఇచ్చిన చోటు మాత్రం ఫ్రెంచివారి దగ్గర, మధ్యలో కొన్నిసార్లు చేయి జారినా, 1954 దాకా ఉండిపోయింది.

మన అడవికీ ఈ సముద్రపు కథకూ సంబంధం లేదనుకోకండి. ఆ కాలంలో నర్సాపురం రేవులో పెద్ద ఓడలు కట్టేవారు. గోల్కొండ రాజు ఓడలూ, ఐరోపావారి ఓడలూ అక్కడ తయారయ్యేవి. కలప గోదావరి ఎగువ అడవుల్లోంచి నీళ్ల మీద తేలి దిగేది. మనం ఇవాళ సారపాక వైపు నుంచి బ్రిడ్జి దాటుతూ చూసే నీళ్లే అవి.

అదే గోదావరి సముద్రంలో కలిసే ముందు గౌతమి పాయ ఒడ్డున యానాం ఉంది. ఫ్రెంచివారు 1723లో అక్కడ వర్తక స్థావరం పెట్టారు. చుట్టూ ఆంధ్ర, మధ్యలో తెలుగు మాట్లాడే ఆ ఊరు ఈనాటికీ పుదుచ్చేరి ప్రభుత్వం కిందే ఉంది. ఎందుకలా అని అడిగితే జవాబు వెనక్కి వెనక్కి నడిచి, 1673లో వలికొండపురం దర్బారులో బియ్యం కోసం నిలబడ్డ వాందోమ్ కుర్రవాడి దగ్గరికి పోయి ఆగుతుంది. ఈ సంచిక కాపీ ఒకటి భద్రాచలం హాస్టల్‌కు, ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి పేరు మీద విడిగా పంపుతున్నాం. ఇప్పుడు పదిలోకి వచ్చాడు. యానాం ఎప్పుడైనా చూశాడేమో కనుక్కోవాలి.